గేదె ముడి విప్పుకుంటుందా?

డబ్బుని అరెస్టు చేస్తారని మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను. పోయిన సంక్రాంతికి మా చెల్లెలు టెక్సాస్ నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే చీరల కొట్లకి బయల్దేరుతూ నోట్ల కట్ట తీసి చేతిసంచీలో కుక్కుకుంటోంది. "అంత డబ్బు చేత్తో పట్టుకుపోతావేమిటే, దొంగలుంటారు" అన్నాను. పెద్దదాన్ని కనక అనాలి గదా. అది నవ్వేసి, "ఇక్కడే నయం అక్కా, దొంగలకి భయపడితే చాలు. మా దగ్గర కారులో ఇంత డబ్బు పెట్టుకుని పొరుగూరు వెళ్తుంటే పోలీసుకి కూడా భయపడాలి. అనుమానమొస్తే మనల్ని వదిలేసి డబ్బుని అరెస్టు చేస్తారు" అంది.

వేళాకోళానికి అందనుకున్నాను. కాని అది విమానమెక్కి వెళ్ళిపోయాక కూడా ఆ మాట మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. నాకొక జబ్బుంది. ఏదైనా పట్టుకుంటే దాని అంతేమిటో చూడందే నిద్రపట్టదు. వెతుక్కుని చదివాను. మా చెల్లెలు చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ కేసు మనిషి మీద కాదు, సొమ్ము మీదే. కోర్టు కాగితాల్లో ముద్దాయి పేరుండాల్సిన చోట ఇన్ని డాలర్లనో, ఫలానా కారనో రాస్తారు. 2003లో నెబ్రాస్కా రాష్ట్రంలో ఒకాయన అద్దెకారులో వేగంగా పోతుంటే పోలీసులు ఆపారు. కారులో లక్షా 24 వేల 700 డాలర్లు దొరికాయి. డబ్బేమీ లేదని మొదట ఆయన అబద్ధమాడిన మాట కూడా నిజమే. తర్వాత, సరుకు బండి కొనుక్కోవడానికి తెచ్చుకున్నానన్నాడు. మత్తుమందు రవంత కూడా దొరకలేదు. ఆ కేసు పెట్టనూ లేదు. కుక్క వాసన చూసి మొరిగింది, అంతే. కింది కోర్టు ఆయనకి డబ్బు ఇచ్చేయమంది. 2006లో పైకోర్టు, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు అయి, సొమ్ము సర్కారుదేనని తేల్చింది. ఆ కేసు పేరేమిటో తెలుసా? "అమెరికా సంయుక్త రాష్ట్రాలు వర్సెస్ లక్షా 24 వేల 700 డాలర్లు". పాపం, ఆ డాలర్లు బోనులో నిలబడి ఏం ప్రమాణం చేశాయో!

నవ్వుకోవడం అయ్యాక అసలు సంగతికొద్దాం. అలా పట్టుకున్న డబ్బు ఎవరికి పోతుంది? ఇక్కడే నాకు మింగుడుపడని ముక్క తగిలింది. 1984లో అక్కడొక చట్టం చేశారు. ఊరి పోలీసులు పట్టుకున్న సొమ్ముని ఫెడరల్ ప్రభుత్వం చేతుల మీదుగా జప్తు చేయిస్తే, అందులో 80 శాతం దాకా తిరిగి ఆ పోలీసుశాఖకే వస్తుంది. మత్తుమందుల వ్యాపారులు కట్టలకొద్దీ డబ్బు పోగేస్తున్నారు, వాళ్ళ సొమ్ముతోనే వాళ్ళని పట్టుకుందాం అన్నది ఉద్దేశం. చెప్పుకోవడానికి ఎంత బాగుంది! ఇది కాక రాష్ట్రాల చట్టాలు వేరే ఉన్నాయి. లూసియానాలో అయితే పట్టుకున్న పోలీసులకి 60 శాతం, వాదించే ప్రాసిక్యూటరుకి 20, మిగిలిన 20 కోర్టు నిధికి. పట్టినవారికీ వాటానే, వాదించినవారికీ వాటానే, తీర్పు చెప్పే కోర్టుకీ వాటానే. ఎవరి సొమ్ము పోయిందో ఆయన ఒక్కడే పంక్తి బయట నిలబడ్డాడు.

మా బావగారు, అంటే మావారి అన్నగారు, సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు ఈ సంగతంతా ఆయన ముందు పెట్టాను. తప్పని ఆయన కూడా అంటారనే నా ధీమా. ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఏమ్మా, అందులో తప్పేముంది?" అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది మీరూ వినాలి. ఆయన ఎస్సైగా చేరిన కొత్తలో స్టేషనుకి జీపుండేది, పెట్రోలుండేది కాదు. ఫిర్యాదు ఇవ్వడానికొచ్చినవాడినే తెల్లకాగితాలు కొనుక్కు రమ్మనాల్సొచ్చేది. దిక్కులేని శవం దొరికితే బండి కిరాయి ఎవరివ్వాలి? పక్కూళ్ళో దొంగతనమైందని కబురొస్తే బంకు యజమానికి చీటీ రాసి పంపేవారట, పది లీటర్లు పొయ్యమని. "పోసేవాడమ్మా, ఎప్పుడూ కాదనలేదు. ఓ రోజు ఆయన కొడుకే లారీ కింద ఎవరినో తొక్కించి స్టేషనుకొచ్చాడు. తండ్రి నా ఎదురుగా కూచున్నాడు. పెట్రోలు మాట ఆయన ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? బయట జీపు కనిపిస్తూనే ఉందిగా. అదే జీపు దొంగల దగ్గర పట్టుకున్న డబ్బుతో నడిస్తే నేనెవడికి తలొంచాలి?"

కేసు పెట్టారా అని అడగబోయి ఆగిపోయాను. ఆయన మజ్జిగ పోసుకుంటున్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ పూటకి నేను ఓడిపోయాను. పాపపు సొమ్ము మంచిపనికి వాడొచ్చా అని పెద్ద పెద్ద ప్రశ్నలు వేసుకుంటాం గాని, డబ్బుకి పాపమేమిటి, పుణ్యమేమిటి? హుండీలో పడ్డ నోటుని అది ఎవరి జేబులోంచి వచ్చిందో అడిగామా? దొంగ దగ్గర పట్టుకున్న రూపాయితో దీపం పెట్టినా వెలుగుతుంది. తెలంగాణ వచ్చాక అక్కడ స్టేషన్ల ఖర్చులకి నెలకింతని సర్కారు ఇవ్వడం మొదలుపెట్టిందనీ, ఆ భాగ్యం తమ రోజుల్లో ఉంటే ఎన్ని చీటీలు రాయకుండా తప్పేవోననీ బావగారు నిట్టూర్చారు. నాకూ జాలేసింది.

రాత్రి పక్కమీద పడుకున్నాక మా అమ్మమ్మ ఊళ్ళోని బందెలదొడ్డి గుర్తుకొచ్చింది.

ఈకాలం పిల్లలకి బందెలదొడ్డి అంటే చెప్పాలి. ఎవరి గొడ్డయినా చేలో పడి మేస్తే తోలుకొచ్చి పంచాయతీవారి దొడ్డిలో పెట్టేవారు. గొడ్డుకింత అని జరిమానా, గడ్డి ఖర్చు కట్టి యజమాని విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే వేలం వేసేస్తారు. తెల్లవాళ్ళు 1871లో చేసిన చట్టమది. చేను వేసుకున్నవాడి గింజ దక్కాలంటే ఇలాంటిదేదో ఉండాల్సిందే, కాదనను. మా ఊళ్ళో ఆ దొడ్డిని ఏటా పాట పెట్టేవారు. పాడుకున్నవాడు పంచాయతీకి ఓ మొత్తం కట్టేసి, ఏడాది పొడుగునా వచ్చే జరిమానాలు తాను తీసుకోవచ్చు. మా మావయ్య వరసగా ఆరేళ్ళు పాడుకున్నాడు.

మా మావయ్య మంచివాడు. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. నాన్న పోయాక అమ్మనీ మమ్మల్నిద్దరినీ తెచ్చుకుని తన పిల్లలతో సమానంగా పెంచాడు. ఒకరి సొమ్ము ఉంచుకోవడం ఎరగడు. సంతలో కూరలవాడు చిల్లర ఎక్కువిస్తే వెనక్కి నడిచెళ్ళి ఇచ్చొచ్చేవాడు. అలాంటివాడు దొడ్డి పాడుకున్నాక చేసిన పని ఒక్కటే. చేలల్లో పడ్డ గొడ్లని తోలుకొచ్చే కుర్రాళ్ళకి తలకి రూపాయి ఇస్తానన్నాడు. అన్ని పొలాలూ తనొక్కడే ఎక్కడ కాపలా కాస్తాడు?

మొదటి ఏడు అంతా సవ్యంగానే ఉంది. రెండో ఏటికి మా ఊళ్ళో గొడ్లకి కొత్తగా దొంగబుద్ధి పుట్టింది. ఇదివరకు బుద్ధిగా గట్టు మీద మేసేవి కూడా చేలో పడటం మొదలుపెట్టాయి. దొడ్డిలో చోటు చాలేది కాదు. తమాషా ఏమిటంటే మోతుబరుల గొడ్లు ఎప్పుడూ అందులో కనిపించలేదు. వాటికి పాలేళ్ళున్నారు, పాలేళ్ళ చేతుల్లో కర్రలున్నాయి.

మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒక గేదె మీద బతికేది. ఆ గేదె ఒక్క నెలలో మూడుసార్లు దొడ్డి కెక్కింది. మూడోసారి ఆవిడ మా అరుగు ముందుకొచ్చి నిలబడింది. అప్పుడు నాకు పదేళ్ళు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పలుపు చేత్తో పట్టుకొచ్చి మావయ్యకి చూపించింది. "బాబూ, తాడు తెగలేదు చూడు. రాత్రి నేను వేసిన ముడి ఇది. గేదె ముడి విప్పుకుంటుందా?"

మావయ్య పలుపు చూశాడు. చాలాసేపు చూశాడు. "నేనెవరి గొడ్డునీ విప్పమని చెప్పలేదమ్మా. తోలుకొచ్చినదానికి తలకి రూపాయన్నాను, అంతే" అన్నాడు. అది నిజం. ఆవిడకీ అది నిజమని తెలుసు. గడ్డి ఖర్చు వదిలేసి జరిమానా మాత్రం తీసుకున్నాడు. తలకి రూపాయి కూడా అలాగే ఉండిపోయింది.

ఇది తలుచుకున్నాక అమెరికా సంగతి నాకు వేరేగా కనిపించింది. టెనెస్సీ రాష్ట్రంలో నాష్‌విల్ ఊరి దగ్గర పెద్దరోడ్డు ఒకటుంది. మత్తుమందు ఆ రోడ్డు మీద పడమటి నుంచి తూర్పుకి వస్తుంది, అమ్మగా వచ్చిన డబ్బు తూర్పు నుంచి పడమటికి పోతుంది. 2011లో అక్కడి టీవీవాళ్ళు లెక్కతీస్తే, పోలీసులు కార్లు ఆపుతున్నది ఎక్కువగా డబ్బు పోయే వైపేనని తేలింది. సరుకు వచ్చే వైపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆలోచించండి. సరుకు పట్టుకుంటే ఏమొస్తుంది? తగలెయ్యాలి. డబ్బు పట్టుకుంటే స్టేషనుకి కొత్త కారొస్తుంది. ఆ పోలీసులందరూ లంచగొండులని నేననను. ఒక్క డాలరు కూడా ఇంటికి పట్టుకుపోకపోవచ్చు. కాని విషం ఊళ్ళోకి వచ్చేటప్పుడు చూడని కన్ను, దాని ఖరీదు ఊరు దాటేటప్పుడు చూసింది. దొంగని పట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు, దొంగ తన పని ముగించుకునేదాకా రోడ్డు పక్కన కూచున్నారు.

ఒక ఇల్లాలి కేసు చదివి మరీ కష్టమనిపించింది. 1988లో డెట్రాయిట్‌లో భార్యాభర్తలు 600 డాలర్లకి ఒక పాత కారు కొన్నారు. ఇద్దరి పేరా ఉంది. నెల తిరక్కుండానే ఆ భర్త దాన్లో ఒక వేశ్యతో ఉండగా పోలీసులు పట్టుకున్నారు. కారు పోయింది. నాకేమీ తెలియదు, నా వాటా అయినా ఇవ్వండని భార్య సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1996లో తొమ్మిది మందిలో ఐదుగురు జడ్జీలు కుదరదన్నారు. కింది కోర్టు జడ్జిగారు అంతకుముందే అన్నారట, వాళ్ళకి ఇంకో కారుందని, దీన్ని అమ్మితే ఖర్చులు పోను పంచడానికి మిగిలేదేమీ లేదని. మొగుడు చేసిన నిర్వాకానికి ఊళ్ళో తలెత్తుకోలేకపోవడం ఒకటి, కారు పోవడం ఇంకొకటి. బెన్నిస్ కేసని ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం చెబుతారు.

అక్కడా అందరూ నోరు మూసుకు కూచోలేదు లెండి. 2000లో చట్టం కొంత సవరించారు, రుజువు భారం సర్కారు మీదే పెట్టారు. ఇండియానాలో ఒకతను కొన్ని వందల డాలర్ల మత్తుమందు అమ్మితే 42 వేల డాలర్ల కారు లాక్కోబోయారు. ఆ నేరానికి పడే జరిమానా ఎక్కువలో ఎక్కువ 10 వేలు. తండ్రి చనిపోతే వచ్చిన బీమా డబ్బుతో కొనుక్కున్న కారది. 2019లో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా, మితిమీరిన జరిమానాలు కూడదన్న నియమం రాష్ట్రాలకీ వర్తిస్తుందన్నారు. న్యూమెక్సికో 2015లోనే, శిక్ష పడకుండా సొమ్ము లాక్కోవడాన్ని ఎత్తేసి, వచ్చినది మామూలు ఖజానాలో కలపమంది.

నాకు నచ్చింది మిస్సోరీ, నార్త్ కరోలినాల పద్ధతి. అక్కడి చట్టం ప్రకారం జప్తు సొమ్ము బడులకి పోవాలి. బడిపిల్లలు రోడ్డు మీద కార్లాపలేరు గదా! కాని ఆ సంతోషం కూడా ఎంతోసేపు నిలవలేదు. తమ రాష్ట్రం దారిన పోతే బడులకి పోయే సొమ్ముని, అక్కడి పోలీసులు ఫెడరల్ ప్రభుత్వం చేతిలో పెట్టి తమ వాటా తాము తెచ్చుకుంటూ వచ్చారు. బందెలదొడ్డికి కూడా దొడ్డిదారి ఉంటుందన్నమాట. 2015లో ఫెడరల్ ప్రభుత్వం ఆ దారికి కొంత కంచె వేసింది, 2017లో మళ్ళీ తీసేసింది.

ఇటలీవాళ్ళు మరో దారి పట్టారు. మాఫియా ఆస్తులు జప్తు చెయ్యాలన్న చట్టం కోసం పట్టుబట్టిన పియో లా టోర్రే అనే నాయకుణ్ణి 1982 ఏప్రిల్లో చంపేశారు. ఆ సెప్టెంబరులో చట్టం వచ్చింది. 1996లో ఇంకొక అడుగు వేసి, ఆ భూములూ ఇళ్ళూ ప్రజల పనికే ఇవ్వాలన్నారు. దానికోసం పది లక్షల సంతకాలు సేకరించారు. సిసిలీలో ఒకప్పుడు మాఫియా దొరల పొలాల్లో ఇప్పుడు సహకార సంఘాల కుర్రాళ్ళు గోధుమ పండిస్తున్నారు, ద్రాక్ష వేస్తున్నారు. ఏ ఊరిని పీడించి ఆ పొలం సంపాదించారో ఆ ఊరికే అది తిరిగొచ్చింది.

మన దేశంలో పోలీసులకి ఇలాంటి వాటా లేదు. కస్టమ్స్‌లో మాత్రం స్మగ్లింగు సరుకు పట్టించినవారికీ, పట్టుకున్న ఉద్యోగులకీ 20 శాతం దాకా బహుమానమిచ్చే పద్ధతి ఉంది. స్టేషన్ల సంగతి మీకు తెలిసిందే. పట్టుకున్న మోటార్‌సైకిళ్ళు ఆవరణలో తుప్పు పట్టి, వాటి చక్రాల్లోంచి జిల్లేళ్ళు మొలుస్తుంటాయి. వాహనాలని అలా ఏళ్ళతరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. జిల్లేళ్ళకి ఆ తీర్పు సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర విచారణ చట్టం 107వ సెక్షన్లో ఒక మంచి మాట ఉంది. నేరంతో సంపాదించిన ఆస్తిని కోర్టు జప్తు చేయిస్తే, జిల్లా మేజిస్ట్రేటు ద్వారా అది నష్టపోయినవారికి పంచాలి. అగ్రిగోల్డ్‌లో కూలిడబ్బులు దాచుకుని పోగొట్టుకున్నవాళ్ళని అడగండి, ఆ మాట విలువేమిటో చెబుతారు. ఎవరూ అడిగేవారు లేకపోతేనే సర్కారుకి పోతుంది.

ఇదంతా పోగేసుకుని మరో ఆదివారం బావగారితో రెండో విడత యుద్ధానికి దిగాను. "జీపుకి పెట్రోలు సర్కారే పొయ్యాలి. పన్నులు కడుతున్నాం, అడిగి తీసుకోండి. అంతేగాని, మీరు పట్టుకున్నదాంట్లోంచే మీ జీపు నడవాలంటే మీ కన్ను దేనిమీద ఉంటుంది?" అన్నాను. బందెలదొడ్డి కథ కూడా చెప్పాను, మావయ్య పేరెత్తకుండా.

ఆయన వాదించలేదు. "అడిగాం తల్లీ, ఎన్ని ఉత్తరాలు రాశామో లెక్కలేదు" అన్నారు. కాసేపాగి, "ఆ బంకాయన కొడుకు కేసు నేనే రాశాను. రాసిన నెలకి బదిలీ అయింది. తర్వాతొచ్చినవాడికి పెట్రోలు దొరికిందో లేదో నాకు తెలియదు" అన్నారు. మా అక్కయ్యగారికి కూడా ఈ సంగతి తెలిసినట్టు లేదు. వడ్డించే గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయారు. నేను గెలిచానో ఓడానో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ జీపులో ఎవరి పెట్రోలు పోసినా ఆయన చెయ్యాల్సిన పని ఆయన చేశారు. కాని చట్టాలు చేసేటప్పుడు ప్రతి స్టేషనులోనూ అలాంటి మనిషే ఉంటాడనుకుని చెయ్యలేం. మా మావయ్య కూడా మంచివాడే గదా.

నా సంగతి చెప్పకుండా దాటేస్తే అన్యాయం. నేను పట్నంలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదివాను. ఆ ఫీజుల కోసం మావయ్య విడిగా ఒక డబ్బా పెట్టాడని, దొడ్డి డబ్బులు అందులోనే వేసి దాచేవాడని అత్తయ్య ఒకసారి మాటల్లో అంది. అప్పుడు నేను మూడో ఏడు చదువుతున్నాను. విని ఊరుకున్నాను. పరీక్ష ఫీజు కట్టాలి. ఆ చదువే లేకపోతే నేను నాలుగు నవలలు రాసేదాన్ని కాదు, ఈ వ్యాసమూ రాసేదాన్ని కాదు. ఆ మూడు జరిమానాలూ లెక్కేస్తే నాకు ఒక పుస్తకం ఖరీదు కూడా అయ్యుండదు. ఆవిడకి మాత్రం వారం రోజుల తిండి. బి.ఏ. ప్యాసయ్యానని తెలిసి ఆవిడ చెంబుతో పాలు తెచ్చి ఇచ్చింది. పాయసం చేసుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ పాయసమే గొంతుకి అడ్డం పడుతుంది.

మొన్న వేసవిలో ఊరెళ్ళాను. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. దొడ్డి ఉన్నచోట వాటర్‌ట్యాంకు కట్టారు. మావయ్యకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. నా బి.ఏ. పట్టా తీసుకున్నప్పటి ఫోటో ఆయన మంచం ఎదురుగానే ఉంది, కనబడకపోయినా అటే తిరిగి పడుకుంటాడు. "ఏం రాస్తున్నావే ఇప్పుడు?" అని అడిగాడు. పోలీసుల గురించన్నాను. "చదువు, వింటాను" అన్నాడు. మా చెల్లెలు చెప్పిన మాట చదివితే పకపకా నవ్వాడు. డాలర్ల మీద కేసు దగ్గర "ఔరా!" అన్నాడు. బావగారి జీపు కథకి తల పంకించాడు. పేజీ తిప్పాను. బందెలదొడ్డి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది.

"ఊఁ, తర్వాత?" అన్నాడు మావయ్య.